రేగులగూడ పొలిమేరలో మైసమ్మ తల్లి కూర్చున్న వైనం

నగరానికి తూర్పున, సిటీ బస్సు ఇక ముందుకు పోనని మొరాయించి వెనక్కి తిరిగే చోట రేగులగూడ చివరి స్టాపు ఉంది. బస్సు దిగిన భక్తులు ఎడమచేతి వైపు పంక్చర్ల కొట్టు, దాని పక్కన ఇడ్లీ బండి దాటి నాలుగడుగులు వేస్తే శ్రీ కూర్చున్న మైసమ్మ తల్లి సన్నిధి కనిపిస్తుంది. గోపురం కోసం తలెత్తి వెతకవద్దు, గోపురం లేదు. నాలుగు స్తంభాల మీద ఒక కప్పు, కింద నల్లరాతి గచ్చు, చుట్టూ అరుగులు, అంతే. తలుపు లేదు, కటకటాలు లేవు. హుండీకి మాత్రం తాళం ఉంది. ఎంతైనా పట్నం కదా!

ఇతర చోట్ల మైసమ్మ తల్లి కత్తి పట్టి నిలబడి ఉంటుంది, లేదా పీఠం మీద ఠీవిగా కొలువై ఉంటుంది. ఇక్కడి తల్లి నేల మీద చతికిలబడి ఉంటుంది. ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, చాపిన కాలి మోకాటి మీద కుడిచేయి వేసుకుని, ఒడిలో గంప పెట్టుకుని ఉంటుంది. అభయహస్తం లేదు. కొత్తగా వచ్చిన వారు శిల్పి పొరపాటు చేశాడని అనుకుంటారు. సరైన విగ్రహం మేము చేయిస్తామని ఒకరిద్దరు పెద్దమనుషులు ముందుకు వచ్చారు కూడా. కమిటీ వారు వారికి చాయ్ తాగించి, దండం పెట్టి పంపించారు.

మరొక విశేషం కూడా భక్తులు గమనించవచ్చు. ఆషాఢమాసంలో వచ్చిన వారికి గుడికి కుడి పక్కన నేల మీద ఒక సున్నపు గీత కనిపిస్తుంది. ఆ గీత ఊరంతా చుట్టి వచ్చి ఎడమ పక్కన ఆగిపోతుంది. రెండు కొసలూ కలవవు. ఎందుకు కలపలేదని అడిగిన వారికి ఈ క్రింది కథ చెబుతారు.

పూర్వం ఇక్కడ రేగుపొదలు, జొన్నచేలు, వాటి మధ్య చిన్న ఊరు తప్ప మరేమీ ఉండేవి కావు. పూర్వం అంటే మునులు తపస్సు చేసుకున్న కాలం అనుకునేరు. ఈ క్షేత్రంలో తపస్సు చేసిన ముని ఎవరూ లేరు. ప్లాటు కొని రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరిగిన వారిదే తపస్సు అనుకుంటే అటువంటి వారు వాడకు పదిమంది దొరుకుతారు. ఈ కథలోని సంగతులను కళ్లారా చూసిన వారు ఇప్పటికీ పింఛను తీసుకుంటూ మన మధ్యనే ఉన్నారు.

ఆ రోజుల్లో ఆషాఢ బోనాలకు ముందు ఊరు కట్టే ఆచారం ఉండేది. పొద్దున్నే పోతరాజు రాయి దగ్గర మొదలుపెట్టి, పసుపు, వేపాకు కలిపిన అన్నాన్ని పొలిమేర పొడవునా చల్లుకుంటూ ఊరు చుట్టి మళ్లీ ఆ రాయి దగ్గరికే చేరాలి. ఆ అన్నాన్ని పొలి అంటారు. గంప మోసే మనిషి ఉపవాసం ఉండాలి. నోరు మెదపరాదు, గంప దించరాదు, ఎక్కడా కూర్చోరాదు. వెనుక ఒకరు సున్నపు గీత గీస్తూ వస్తే, ఊరివారు 'పొలి! పొలి!' అని కేకలు వేస్తూ నడుస్తారు. గీత గీతను కలిస్తే ఊరు కట్టినట్టు. ఇక మరునాడు పొద్దుపొడిచే దాకా ఎవరూ గీత దాటరాదు. లోపల ఉన్నవారు ఆ ఏడాదికి తల్లి బిడ్డలు. బయట ఉన్నవారిని వారి ఊరి తల్లి చూసుకుంటుంది.

గంప మోసే హక్కు మల్కయ్య ఇంటివారిది. హక్కు అని పేరే గాని, దాని కోసం పోటీకి వచ్చిన వాడు ఒక్కడూ లేడు. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు? మల్కయ్య తాత మోశాడు, తండ్రి మోశాడు, మల్కయ్య మోశాడు. అతని భార్య ఈదమ్మ వేపమండ పట్టుకుని వెనకే నడిచేది. మల్కయ్యకు మగపిల్లలు లేరు. ఒక్క కూతురు, మెట్టినింటికి వెళ్లిపోయింది. కడసారి మంచం పట్టినప్పుడు మల్కయ్య భార్యను దగ్గరికి పిలిచి ఇల్లు గురించి, వాకిలి గురించి ఏమీ చెప్పలేదు. "గంప నువ్వే ఎత్తుకోవాలె. కాళ్లు ఇరిగినా సరే, నడుమ కూసోకు," అన్నాడు. ఆ మాట ఈదమ్మ మెడకు తాడులా చుట్టుకుంది.

ఈలోగా పట్నం వచ్చి మీద పడింది. జొన్నచేలలో రాళ్లు పాతారు, రాళ్ల మధ్య ఇళ్లు లేచాయి, ఇళ్ల మధ్య మేడలు లేచాయి. కొత్త కాలనీ ఏర్పడినప్పుడల్లా అక్కడి పెద్దలు కొబ్బరికాయ, శాలువా పట్టుకుని ఊరిపెద్ద సత్తిరెడ్డి పటేలు ఇంటికి వచ్చేవారు. "మమ్మల్ని కూడా పొలిమేరలో కలుపుకోండి," అనేవారు. పటేలుకు కాదనే నోరు లేదు. ఊరు పెరిగితే పెద్దరికం పెరుగుతుంది కదా! కాలనీ పుట్టిన ప్రతిసారీ పటేలుకు శాలువా దక్కింది, ఈదమ్మకు మరికొంత నడక దక్కింది. తాతల నాడు పొద్దెక్కేలోగా ముగిసే పొలిమేర ఆమె కాలానికి పొద్దు వాలినా ముగిసేది కాదు.

తక్కిన ఏడాదంతా ఈదమ్మ ఒక పెద్ద అపార్టుమెంటులో మెట్లు ఊడ్చేది. ఆ అపార్టుమెంటు లేచిన చోటే ఆమె ఒకప్పుడు జొన్నచేలో కలుపు తీసింది. అప్పుడు నడుము వంచింది, ఇప్పుడూ నడుమే వంచింది, మారిందల్లా నేల. పక్క బ్లాకు ఊడ్చే పైడితల్లి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనిషి. భర్త స్లాబు పనులకు పోతాడు. నీలవేణి అని ఒక్కతే ఆడపిల్ల. ఊరి మురుగుకాలువ, నాలా అంటారు, దాని అవతల మేస్త్రీలు వేసిన రేకుల గదుల్లో ఒకటి వాళ్లది. మధ్యాహ్నం ఇద్దరూ లిఫ్టు పక్కన మెట్ల కింద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పేవారు. ఒకరి పచ్చడి ఒకరికి కారం, ఒకరి మాట ఒకరికి సగమే అర్థం. అయినా ఏళ్ల తరబడి అక్కాచెల్లెళ్లలా కలిసి తిన్నారు.

ఒక ఏడు ఈదమ్మ మోకాళ్లు వాచాయి. బోనాల కమిటీ వారు జాలిపడి ఒక ట్రాలీ ఆటో మాట్లాడారు. ఈదమ్మను గంపతో సహా వెనుక కుర్చీ వేసి కూర్చోబెట్టి, పొలిమేర అంతా తిప్పేశారు. పొద్దెక్కక ముందే పని అయిపోయింది. ఇంత తెలివి ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని అందరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

ఆ వానాకాలం ఊరి మీద విషజ్వరాలు విరుచుకుపడ్డాయి. ఇంటికొకరు మంచమెక్కారు. కొందరు తిరిగి లేవలేదు. కాలనీల సంఘం అధ్యక్షుడు కుటుంబరావు గారి మనుమడు ఆసుపత్రిలో చావు అంచు దాకా వెళ్లి వచ్చాడు. ఇక నోళ్లన్నీ ఒక్కటయ్యాయి. "అమ్మవారి గంపను బండి మీద తిప్పుతారా? మోటారు మీద పొలి చల్లితే తల్లి ఊరుకుంటుందా?" అన్నారు. బండి మాట్లాడిన కమిటీవారే ముందుగా అన్నారు. ఈదమ్మ మాత్రం ఎవరినీ అనలేదు. కుర్చీలో కూర్చున్నది తాను. మొగుడు కూసోకు అన్నాడు, తాను కూర్చుంది. పాడె లేచిన ప్రతి ఇంటి ముందూ తలవంచుకుని నడిచింది. ఆ చావులన్నీ తన ఖాతాలోవే అనుకుంది. అలా అనుకోవద్దని చెప్పిన నాథుడు లేడు.

మరుసటి ఆషాఢం వచ్చింది. జ్వరాలు మళ్లీ అక్కడక్కడ మొదలయ్యాయి. ముందుగా రేకుల గదుల్లో కనిపించాయి. నాలా ఒడ్డున ఉండేవారికి దోమలు ముందు, ఊరికి తరువాత. పంచాయతీ కూర్చుంది. ఈసారి ఊరు కాలినడకనే కట్టాలని, గీత నాలాకు ఇవతలే వేయాలని, గదులను బయట పెట్టాలని తీర్మానించారు. కబురు చెప్పడానికి సత్తిరెడ్డి పటేలు, కుటుంబరావు గారు కలిసి ఈదమ్మ ఇంటికి వచ్చారు.

"గదులోళ్లు మనల కలవరా పటేలా?" అని ఈదమ్మ అడిగింది.

"ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. గుడిసె పీకితే వాళ్ల ఊరు వాళ్ల ఎంబడే పోతది. వాళ్లకు మన పొలిమేర ఎందుకే?" అన్నాడు పటేలు.

కుటుంబరావు గారు చేతులు జోడించారు. "రోగం అటునుంచే వస్తోందమ్మా. పోయినేడు నా మనుమడి మంచం పక్కన నేను ఎలా కూర్చున్నానో ఆ భగవంతుడికి తెలుసు. మీకు పుణ్యం ఉంటుంది. ఈసారి మాత్రం లోపం జరగకూడదు."

ఆయన కళ్లు చెమర్చాయి. ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డ తాత, అంతే. ఈదమ్మ సరేనంది. అనక ఏం చేస్తుంది?

మరునాడు మెట్ల కింద డబ్బా విప్పినప్పుడు పైడితల్లి ముద్ద కలపలేదు. "మమ్మల్ని గీతలోకి ఎట్టరంట గదా పెద్దమ్మా? మా గుంటకి రాత్తిరి నుంచి జొరం," అంది.

"నన్ను అడగకు బిడ్డా," అంది ఈదమ్మ. ఆ పూట ఇద్దరి డబ్బాలూ నిండుగానే ఇంటికి వెళ్లాయి.

ఊరు కట్టే రోజు రానే వచ్చింది. పోతరాజు రాయి అప్పట్లో సరిగ్గా ఇప్పుడు గుడి ఉన్న చోటికి ఎదురుగా, నాలా మీది చిన్న వంతెన మొదట్లో ఉండేది. వంతెన అవతల రేకుల గదులు. ఆ గదుల వారు పట్నంలోకి పోవాలంటే ఆ వంతెన దిగి, ఊరి బజారులో నుంచే పోవాలి. వేరే తోవ లేదు. ఈదమ్మ తలారా స్నానం చేసి, పసుపు బట్ట కట్టుకుని, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా గంప నెత్తికెత్తుకుంది. వెనుక డప్పు లేచింది. "పొలి! పొలి!" అని జనం కేక వేశారు.

ఆ నడక ఏమి నడక! నాలా గట్టు మీద బురద. గట్టు దిగితే కంకర. కంకర దాటితే ఒక ప్రహరీ. పొలిమేర ఆ ప్రహరీ లోపలి నుంచి పోతుంది కనుక, కాపలా మనిషి గేటు తీస్తే కార్ల మధ్య నుంచి ఒక్కొక్కరుగా పక్కకు తిరిగి నడిచారు. తాను రోజూ ఊడ్చే మెట్ల ముందు నుంచి ఈదమ్మ గంపతో నడిచింది. రోజూ ఆమె చేతికి చెత్తబుట్ట అందించే ఇల్లాలు ఆ రోజు ఆమె కాళ్లకు బిందెతో నీళ్లు పోసి దండం పెట్టింది. ఆ నీళ్ల చల్లదనానికి ఈదమ్మకు ఏడుపు వచ్చింది గాని, నడక ఆపరాదు. తరువాత స్కూలు గోడ, తరువాత పెద్ద రోడ్డు, రోడ్డు మధ్య డివైడరు. లారీలు హారన్లు కొడుతుంటే మోకాలు ఎత్తి డివైడరు ఎక్కి దిగింది. చినుకులు పడ్డాయి, ఆగాయి, ఎండ కాసింది, మళ్లీ చినుకులు పడ్డాయి. పొద్దున కేకలు వేసిన గొంతులు మధ్యాహ్నానికి మూలిగాయి. డప్పు కూడా కొట్టలేక కొట్టినట్టు మోగింది. నడిచే వారు సగానికి సగం ఇళ్లకు జారుకున్నారు. ఉపవాసాలతో, ఈడ్చుకునే కాళ్లతో మిగిలిన వారు మిగిలారు. కుటుంబరావు గారు చెప్పులు చేతపట్టుకుని, పంటి బిగువున, చివరిదాకా వెంట వచ్చారు.

పొద్దు వాలుతుండగా పోతరాజు రాయి కనిపించింది. ఇక ఒక బండి పట్టేంత జాగా మిగిలింది. ఆ కాస్తా కలిపితే ఊరు కట్టినట్టే. ఈదమ్మ కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. అయినా ఆమెకు ఎక్కడో మనసులో చల్లగా అనిపించింది. ఈసారి కూర్చోలేదు. మొగుడి మాట నిలబడింది.

అప్పుడే వంతెన మీద గోల వినిపించింది. కుర్రాళ్లు వేపమండలు కట్టిన తాడు అడ్డం పట్టుకుని ఉన్నారు. తాడుకు అవతల పైడితల్లి, ఆమె భుజం మీద నీలవేణి. పిల్ల తల ఒక పక్కకు వేలాడుతోంది.

"దారొగ్గండి బాబూ! గుంట ఒల్లు కాలిపోతంది. కళ్లు తేలేసింది. ఆస్పటాలుకి ఎల్లాల!" అని పైడితల్లి మొత్తుకుంటోంది.

"జర ఆగక్కా, కట్టు అయితున్నది. పొద్దుగాల పోవచ్చు," అని తాడు పట్టుకున్న వాళ్లు చెబుతున్నారు. వాళ్లకు చెప్పిన మాట వాళ్లు చెబుతున్నారు, పాపం. జనంలో ఎవరో "జ్వరం పిల్లను లోపలికి తేవద్దు!" అని అరిచారు. ఇంకెవరో "తొందరగా కలుపు ఈదమ్మా, కలిపెయ్!" అని అరిచారు.

పైడితల్లి అరుపు ఆపేసి ఈదమ్మను చూసింది. ఎన్నో ఏళ్లు పచ్చడి పంచుకున్న మనిషి అలా చూస్తే ఏ ప్రాణం తట్టుకుంటుంది? నాలుగడుగులు వేస్తే ఆ పిల్లకు పొద్దుపొడిచే దాకా దారి లేదు. వేయకుంటే ఊరికి కట్టు లేదు. పోయినేడు లేచిన పాడెలన్నీ ఈదమ్మ కళ్ల ముందు వరుస కట్టాయి. కుటుంబరావు గారి మనుమడు కూడా కనిపించాడు.

ఈదమ్మ కూర్చుంది.

గీత కొసకూ పోతరాజు రాయికీ మధ్య, ఆ సందులో, గంప ఒడిలోకి దించుకుని నేల మీద చతికిలబడింది. ఒక కాలు మడిచి, వాచిన కాలు చాపి, మోకాటి మీద చేయి వేసుకుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు అంతమంది నిలబడి ఉండగా ఆమె ఒక్కతే కూర్చుంది. డప్పు ఆగిపోయింది.

"ఏందే ఇది? లే! లేసి కలుపు!" అని పటేలు గద్దించాడు.

గంప దించినాక ఇక మౌనం మాత్రం ఎందుకు అనుకుందేమో, ఈదమ్మ నోరు విప్పింది. "నేను కూసోలేదు పటేలా. అమ్మ కూసుంది. కాళ్లు గుంజుతున్నయట. ఇగ లేవదట."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"గంప ఎత్తి చూడు మరి."

ఇక్కడ కథ చెప్పేవారిలో రెండు తెగలు ఉన్నాయి. పదిమంది మగవాళ్లు పట్టినా గంప లేవలేదని, మహత్తు అంటే అదేనని పాత ఊరివారు చెబుతారు. అసలు ఎవరూ ఎత్తడానికి రాలేదని, పొద్దుటి నుంచి తిండి లేని వారికి గంప ఎత్తే ఓపిక ఎక్కడిదని కాలనీల వారు చెబుతారు. చదివేవారు తమకు తోచింది నమ్మవచ్చు. తరువాత జరిగిన దాంట్లో మాత్రం ఇద్దరికీ తేడా లేదు.

కుటుంబరావు గారు ఈదమ్మ వైపు చూశారు, తాడు అవతలి పిల్ల వైపు చూశారు. "అమ్మవారే కూర్చున్నాక మనం నిలబడి ఉండటం మర్యాద కాదు," అని సణుగుతూ, వంతెన పిట్టగోడకు చేయి ఆనించుకుని, మెల్లగా ఈదమ్మ పక్కన కూలబడ్డారు. పెద్దాయన కూర్చోగానే పక్కనున్న ముసలమ్మ కూర్చుంది. డప్పు కొట్టేవాడు కూర్చున్నాడు. సున్నం డబ్బా మోసేవాడు డబ్బా దించి కూర్చున్నాడు. పొద్దుటి నుంచి కూర్చోవాలని ప్రాణం పీకుతున్నా, ఎదుటివాడు ఏమనుకుంటాడో అని నిలబడ్డవారే అందరూ! ఒకరి వెనుక ఒకరు ఊరు ఊరంతా నేల మీద కూర్చుంది. చివరికి పటేలు ఒక్కడే నిలబడి, నలువైపులా చూసి, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని తానూ కూర్చున్నాడు.

తాడు పట్టుకున్న కుర్రాళ్ల చేతులు వాటంతటవే దిగాయి. పైడితల్లి తాడు దాటి, కూర్చున్న జనం మధ్య నుంచి, వాళ్ల కాళ్లు తొక్కకుండా, పిల్లను ఎత్తుకుని నడిచి వెళ్లింది. ఎవరూ లేవలేదు. ఒకామె మాత్రం చాపిన కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది. బజారులో ఆగి ఉన్న ట్రాలీ ఆటోవాడు చెప్పకుండానే ఇంజను తిప్పాడు.

ఆ సాయంత్రం గీత కలవలేదు. మరునాటి తెల్లవారుజామున సత్తిరెడ్డి పటేలుకు కల వచ్చింది. రాక తప్పుతుందా? కల రాకుంటే ఆయన పెద్దరికం ఏం కావాలి! తల్లి కలలో కనబడి, "నేను కూర్చున్న చోట నన్ను కూర్చోనివ్వండి. నా ముందు గీత గీయకండి. ఆ సందుకు నేను కాపలా," అని చెప్పిందని పటేలు పొద్దున్నే ఊరందరినీ పిలిచి చెప్పాడు. విన్నవారు లెంపలు వేసుకున్నారు. నిజంగా వచ్చిన కలా, అవసరానికి వచ్చిన కలా అని అడిగిన వారు లేరు. ఆ సందులోనే ఈ గుడి లేచింది.

ఇంతటితో ఈదమ్మ బాధ తీరిందని భక్తులు తలచవద్దు. ఆ వానాకాలం అంతా ఆమె కంటి మీద కునుకు లేదు. ఏ ఇంట దగ్గు వినిపించినా గుండె జారిపోయేది. జ్వరాలు వచ్చాయి. రాకుండా పోలేదు. అయితే ఆ ఏడు ఊళ్లో పాడె లేవలేదు. నీలవేణి ఆసుపత్రి నుంచి గుండుతో, గాజుల్లేని సన్నటి చేతులతో తిరిగి వచ్చింది. ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్న రోజున ఈదమ్మ ఏడ్చిన ఏడుపు గదుల వాళ్లంతా విన్నారు. మల్కయ్య పేరు పెట్టి తిట్టుకుంటూ ఏడ్చిందట. "కూసోకు అన్నవు గదయ్యా, ఎందుకన్నవయ్యా," అని.

తరువాత కాలం ఎవరి కోసమూ ఆగలేదు. గదులు ఉన్న చోట మేడలు లేచాయి. పైడితల్లి కుటుంబం మేస్త్రీ వెంట మరో పని ఉన్న చోటికి పోయింది, ఎటు పోయిందో తెలియదు. నాలాను కప్పి రోడ్డు వేశారు. ఆ రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఈదమ్మ ఇల్లు పోయింది. బదులుగా ఎక్కడో రెండు బస్సులు మారి పోవాల్సిన చోట, పెద్ద పెద్ద బ్లాకుల్లో ఒక ఇల్లు ఇచ్చారు. సామాను ఎత్తే రోజున వాడకట్టు వారు వచ్చి సాయం పట్టారు. రెండో నెల నుంచి పలకరించే వారు లేరు. ఎవరి బతుకు వారిది. ఊరి గీతను ఇప్పుడు కాలనీకి ఒక ముక్కగా పంచుకుని ఎవరి ముక్క వారు నడుస్తున్నారు. గంప భారం ఇప్పుడు ఒక్కరి నెత్తినే లేదు.

ఇల్లు పోయాక వచ్చిన మొదటి ఆషాఢానికి ఈదమ్మకు కబురు రాలేదు. కబురు చేయాలని ఎవరికీ తోచలేదు. ఆమె తనంతట తానే బస్సెక్కింది. రెండు బస్సులు మారి వచ్చేసరికి ఊరి గీత గీసేశారు. బస్సును పెద్ద రోడ్డు దగ్గరే ఆపేశారు. అక్కడ తాడు పట్టుకున్న కొత్త కుర్రాడు, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. ఈదమ్మ నోరు తెరిచింది. ఏ ఊరని చెబుతుంది? ఉన్న చోటు ఆమె ఊరు కాదు. ఊరు అనుకున్న చోట ఆమెకు గుమ్మం లేదు. అంత పొలిమేర నెత్తిన మోసిన మనిషి, గీతకు అవతల నిలబడి జవాబు చెప్పలేక తల దించుకుంది. ఆ ప్రాణం ఎంత చిన్నబోయి ఉంటుందో!

వెనక్కి తిరిగి బస్సెక్కుదామనుకుంది. కాళ్లు సహకరించలేదు. గీత వెంబడి బయటి నుంచే ఈడ్చుకుంటూ నడిచి, ఈ గుడి అరుగు మీదకు చేరి కూలబడింది. అక్కడ ఒక పడుచు ఇల్లాలు పిల్లవాడిని ఆడిస్తూ కూర్చుని ఉంది. పని కోసం మరాఠా దేశం నుంచి వచ్చి ఈ ఊళ్లో దిగి ఇంకా నెల కాలేదు, తెలుగు పట్టుమని పది మాటలు రావు. ఆమెకు ఈదమ్మ ఎవరో తెలియదు. ఎవరో ముసలామె అలసి వచ్చిందని చూసి, తన సీసాలోని నీళ్లు ఇచ్చింది. ఆమె తాగడం అయ్యాక, ఈ గుడిలో తాను వచ్చిన రోజున ఎవరో తనకు చెప్పిన మాటను కూడబలుక్కుని, ఒక్కొక్క అక్షరంగా చెప్పింది.

"అవ్వా, నువ్వు మన ఊరే. లోపలికి రా."

ఈదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తరువాత లేచి, ఆ పడుచు చేయి పట్టుకుని, సందులో నుంచి లోపలికి నడిచింది.

ఆనాటి నుంచి ఈ సన్నిధిలో అర్చన చేయించుకునే వారిని గోత్రం, ఊరు అడగడం మానివేశారు. భక్తులు ముందుగా అరుగు మీద కూర్చోవాలి, ఆ తరువాతే తల్లికి మొక్కాలి. నిలబడి మొక్కిన మొక్కు ఇక్కడ చెల్లదు. ఇక్కడ కూర్చున్న వారికి సిరిసంపదలు కలుగుతాయని చెబితే అది అబద్ధం అవుతుంది. అద్దె పెంచని యజమాని దొరుకుతాడని కొందరు అంటారు, అదీ నమ్మకం తక్కువే. కాళ్లు లాగడం కాసేపు తగ్గుతుంది. ఆ మాటకు సాక్షులు చాలామంది ఉన్నారు. ఆషాఢంలో ఊరు కట్టిన రోజున ఈ అరుగుల మీద కూర్చున్న వారికి ఏడాది పొడవునా తల్లి కాపలా ఉంటుందని పెద్దల మాట.

దర్శనం ముగించుకుని లేచేటప్పుడు, మీ తరువాత వచ్చి కూర్చున్న వారెవరైనా సరే, 'నువ్వు మన ఊరే' అన్న ఆ మాట వారికి చెప్పి లేవండి. అది చెప్పడానికి మీరు ఈ ఊరివారై ఉండనవసరం లేదు.